ఏడో కూటం పేరు

నేతగాడి పెదాలు కదలడం ఆగిపోయింది. సారంగుడు ఆ ముఖం మీద చెయ్యి వేసి చూశాడు. రాయి. కనురెప్పలు కూడా బిగుసుకున్నాయి. వెచ్చదనం మాత్రం ఇంకా ఉంది. అది ఎండదో మనిషిదో తెలియలేదు.

అతను లేచాడు. కూర్చుని ఏడ్చే తీరిక లేదు.

ఇక్కడ మరకతపురి రాజ్యం సంగతి కొంచెం చెప్పాలి. ఆ దేశంలో ఒంటరిగా దేవుడికి మొక్కేవాళ్ళు లేరు. నేతవాళ్ళకు కూటం ఉండేది. కుమ్మరులకు గోష్ఠి. గొల్లలకు మేళం. కమ్మరులకు సమాజం. వడ్రంగులకు మండలి. రాజుగారికి కొలువు. నీలవంక ఏటి మీద పడవలు నడిపేవాళ్ళు వరసగా కూర్చుని దీపం పెట్టేవారు గనక వాళ్ళది బంతి. అంతెందుకు, ఇద్దరు కలిసి ఒక దీపం పెట్టుకున్నా దానికీ ఒక పేరు పెట్టుకునేవారు.

పైకి వినబడే ఈ మాటలు కాక, ప్రతిదానికీ ఒక లోపేరు ఉండేది. అది అందులో చేరిన మనుషులకే తెలుసు. నోరు తెరిచి దాన్ని రెండే రెండు సమయాల్లో పలికేవారు. చేరేటప్పుడు ఒకసారి. చచ్చిపోయినప్పుడు, శవం చెవి దగ్గర, తనవాళ్ళందరూ కలిసి ఒకసారి. ఆ పిలుపు చెవిన పడితేనే పోయిన మనిషి పైలోకంలో తనవాళ్ళు కూర్చున్న చోటు వెతుక్కోగలడు. పడకపోతే దిక్కు తెలియక గాలిలో తిరుగుతాడు. దేవర గుడిలో ఒక ఇత్తడి కొమ్ము ఉండేది. ఏడాదికోసారి కూటం పెద్ద గుసగుసగా ఆ కొమ్ములో లోపేరు మూడుసార్లు పిలిస్తే, ఆ పేరు కింద ఉన్నవాళ్ళ కాళ్ళు ఎంత దూరాన ఉన్నా వాటంతట అవే నడిచి వచ్చేవి.

విరూపదత్తుడనే మాంత్రికుడు ఆ కొమ్మును ఎత్తుకుపోయాడు. ఊసరదుర్గంలో కూర్చుని ఒక్కొక్క పేరే పిలిచాడు. ఆరు పేర్లు పిలిచాడు. రాజుగారి కొలువుతో సహా ఆరు కూటాల మనుషులు చేతులు జోడించుకుని నడిచిపోయి, ఆ కోటలో వరసలుగా రాళ్ళై నిలబడ్డారు. ఏడోది కూడా వచ్చి నిలబడితే ఇక వాడికి చావు లేదు. మిగిలింది పడవవాళ్ళ బంతి ఒక్కటే. నలభైమంది.

ఆ నలభైలో సారంగుడు ఒకడు. రహస్యమైన పేర్లు వాడికెలా తెలుస్తున్నాయో కనుక్కోవడానికి నలభై రోజుల కిందట ఇల్లు వదిలాడు. ఈ పొద్దున కోటకు పోయే ఇసుకదారిలో, సగం దూరాన పడిపోయిన ఈ నేతగాడు దొరికాడు. గొంతు రాయి అయ్యేలోపు చెప్పగలిగినంత చెప్పాడు.

"మా వాడొకడు పాము కరిచి పోయాడయ్యా. శవం దగ్గరికి ఎవరో ముసలమ్మ వచ్చి ఏడ్చింది. మా ఆడవాళ్ళకంటే బాగా ఏడ్చింది. పాపం అనుకుని పక్కకు పొమ్మనలేదు. మేము పేరు పిలిచాం, ఆవిడ విన్నది. కుమ్మరుల పీనుగ దగ్గరా ఆవిడేనట. గొల్లల పీనుగ దగ్గరా ఆవిడే. ఆవిడ కన్నీళ్ళు నేలను తడపవు, చూసుకో. నరికినా లాభం లేదు. బయట తిరిగేది బూడిద బొమ్మ. అసలువాడు కోట దాటి రాడు. ఆ కోట తలుపు కొమ్ము పిలిచినవాళ్ళకు తప్ప తెరుచుకోదు."

ఆ మాటలు పట్టుకుని సారంగుడు తన రేవుకు బయల్దేరాడు. ఒంటి మీద జల్లెడలవాడి వేషం ఉంది. గాడిద మీద జల్లెడల మోపు ఉంది. పొద్దు నడినెత్తికి వస్తోంది.

ఎర్రకనుమ దగ్గర కాపలా. ముగ్గురు భటులు. ఇనుప టోపీలు, ఎండకు మాడిన ముక్కులు. వాళ్ళ వెనక బండ మీద విరూపదత్తుడి శాసనం చెక్కి ఉంది. కూటం, గోష్ఠి, మేళం, సమాజం, మండలి, బంతి అన్న మాటలు ఎవరి నోట వచ్చినా నాలుక కోస్తారు. ముగ్గురు కలిసి నడిచినా నిలిచినా అది గుంపు. అన్నిటికీ అదొక్కటే మాట.

"ఎవడ్రా?"

"జల్లెడలవాణ్ణి దొరా."

"ఎంతమంది?"

"నేనూ నా గాడిదా."

భటుడు వంగి చూశాడు. "గాడిద చెవి మీద ఈగ ఉంది. మొత్తం ముగ్గురు. గుంపు!"

రెండోవాడు నవ్వాడు. "అన్నా, ఆ లెక్కన మనమూ ముగ్గురమే గదా."

"నోర్ముయ్. మనది గుంపు కాదు, కాపలా." మొదటివాడు సారంగుడి చెయ్యి పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పాడు. నవ్వు పోయింది. "జల్లెడ పట్టే చేతికి ఇక్కడ కాయలు కాయవే. ఇవి తెడ్డు కాయలు. నువ్వు పడవవాడివి."

సారంగుడు చెయ్యి విదిలించుకున్నాడు. మోపు తాడు తెంపాడు. నలభై జల్లెడలు గలగలమని దొర్లి భటుల కాళ్ళకు అడ్డం పడ్డాయి. ఒకడు బోర్లా పడ్డాడు. ఇంకొకడి ఈటె జల్లెడలో ఇరుక్కుంది. సారంగుడు ఎగిరి కట్టుకొయ్య దగ్గరున్న గుర్రం ఎక్కాడు.

వెనక నుంచి భటుడు అరిచాడు. "పోరా పో! పీనుగ లేచేలోపు అందుకో! మీ రేవులో పొద్దున్నే ఒకడు పోయాడు, తెలుసా!"

గుర్రం కనుమ దిగింది. సారంగుడు మాత్రం ఆ మాట దగ్గరే ఉండిపోయాడు. ఎవరు? నలభైమందిలో ఎవరు?

ఎర్రకనుమ దాటితే గాజులోయ. ఆ లోయ గోడలు నిలువునా గాజురాయి. పొద్దు వాలేకొద్దీ ఒక పక్క పసుపు, ఒక పక్క వంగపండు రంగు, అడుగున నెమలి మెడ రంగు. గాలి వీస్తే గోడలు సన్నగా మోగేవి. చూడ్డానికి వేరే దేశాల నుంచి జనం వచ్చేవారట. సారంగుడు తల తిప్పలేదు. వంతెన సగం కూలి ఉంది. గుర్రాన్ని పరుగెత్తించి దూకించాడు. ముందుకాళ్ళు అంచు మీద పడ్డాయి. వెనకకాళ్ళు గాలిలో తన్నుకున్నాయి. ఎలాగో పైకి వచ్చింది. ఇంతలో కోట వైపు నుంచి ఇనుపరెక్కల గద్ద దిగింది. రెక్క ఒక్కటీ చాప అంత ఉంది. మొదటిసారి అతని తలపాగా ఎత్తుకుపోయింది. రెండోసారి గుర్రం మెడ చీల్చింది. గుర్రం కూలింది. సారంగుడు గట్టు మీది నుంచి ఏట్లోకి దూకాడు. గద్ద వెంట దూకింది. అతను అడుగుకు మునిగి, ఒక మొసలి పొట్ట కింద నుంచి ఈది అవతల తేలాడు. గద్ద గోళ్ళు మొసలి వీపులో దిగాయి. అవీ అవీ తేల్చుకున్నాయి. ఏరు కాసేపు ఎర్రగా పారింది.

తడిబట్టలతో రేవు మెట్లెక్కాడు.

పడవవాళ్ళంతా ఉన్నారు. అతన్ని చూసి దారి ఇచ్చారు. అలా దారి ఇచ్చినప్పుడే అతనికి తెలిసిపోయింది.

వెదురు తెప్ప మీద తండ్రి దోనప్ప పడుకుని ఉన్నాడు. అరికాలి మీద పాము కాటులా నీలం చుక్క ఒకటి. ముఖం మామూలుగానే ఉంది. ఎవరైనా కేకేస్తే లేచేలా ఉంది.

తెప్ప పక్కన ఒక ముసలమ్మ ఏడుస్తోంది. తెల్లజుట్టు విరబోసుకుంది. ఆమె గొంతు అందరి గొంతుల మీద తేలుతోంది. "దిక్కులు చూపిన దోనప్పా, నీకు దిక్కెవరయ్యా" అంటూ సాగదీస్తుంటే మొగాళ్ళు కూడా ముఖాలు తిప్పుకున్నారు. సారంగుడికీ కళ్ళు నిండాయి. అప్పుడు కిందికి చూశాడు. ఆమె చెంపల మీది నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇసుక పొడిగా ఉంది.

అతని చెయ్యి మొలలో కత్తి మీదికి పోయింది. అంతలో నేతగాడి మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

బంతి పెద్ద నూకప్ప ముందుకు వచ్చాడు. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. దోనప్పకు బాబాయి. "వచ్చావా సారంగా. నీ కోసమే ఆపాం. స్నానం కానిచ్చి పేరు పిలిచేద్దాం. పొద్దు వాలితే తెప్ప వదలాలి."

శవస్నానానికి నీళ్ళు తేవడం ఆ రేవులో భార్య, కొడుకు చేసే పని. మొలలోతు దిగి, ఒకే కుండకు ఇద్దరూ చెయ్యి వేసి ముంచాలి. ఆ సమయంలో వాళ్ళ దగ్గరికి ఎవరూ పోరు. సారంగుడి తల్లి గౌరసాని కుండ పట్టుకుని ఏట్లోకి దిగింది. అతను వెంట దిగాడు.

"మీ అయ్య పొద్దున చద్దన్నం తినలేదురా," అంది. "వచ్చాక తింటానన్నాడు. మూత పెట్టి ఉంచాను."

"అమ్మా, తల తిప్పకుండా విను." సారంగుడు కుండ మీదికి వంగి అంతా చెప్పాడు. ముసలమ్మ ఎవరో చెప్పాడు. పేరు పిలిస్తే ఏమవుతుందో చెప్పాడు. చెబుతున్నంతసేపూ గౌరసాని కుండను నీళ్ళలో కడుగుతూనే ఉంది.

"అయితే మీ అయ్యను చంపింది ఆ పేరు వినడానికా?"

"అవునమ్మా. పేరు పిలవొద్దు. అయ్యను అలాగే పంపిద్దాం. నాకు మాత్రం ఇష్టమా?"

"పేరు దొరక్కపోతే వాడు ఊరుకుంటాడా? రేపు ఇంకొకర్ని చంపుతాడు. ఎల్లుండి ఇంకొకర్ని. ఎన్ని తెప్పలు కట్టిస్తావు?"

సారంగుడు గట్టు మీద వరసగా నిలబడ్డవాళ్ళను ఒక్కసారి చూశాడు.

"వాడికేదో ఒక పేరు దొరకాలి," అంది గౌరసాని. కుండ ముంచింది. "నేనొక్కదాన్నే పిలుస్తాను. మిగతావాళ్ళను నోరెత్తనివ్వకు."

"ఏం పేరు?"

"నోటికి ఏదొస్తే అది. కుండ సరిగ్గా పట్టుకో, తొణుకుతోంది."

పడవవాళ్ళకు తెడ్డు భాష ఉంది. గాజులోయలో కేకేస్తే రాళ్ళు రాలతాయి గనక అక్కడ తెడ్లతోనే మాట్లాడుకుంటారు. గట్టెక్కగానే సారంగుడు తండ్రి తెడ్డు తీసుకుని, దణ్ణం పెడుతున్నట్టుగా గుండెకు అడ్డంగా పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే, ప్రాణం పోయినా గొంతెత్తొద్దని. నూకప్ప కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఆయన కూడా తన తెడ్డు అడ్డంగా పట్టుకున్నాడు. ఒకటొకటిగా తెడ్లన్నీ అడ్డం పడ్డాయి.

స్నానం అయింది. కొత్తబట్ట కప్పారు. పేరు పిలిచే వేళ వచ్చింది. ముసలమ్మ ఏడుపు ఆపింది. మెడ ముందుకు సాచింది.

ఎవరూ పలకలేదు.

"అదేంటయ్యా," అంది ముసలమ్మ. "పోయినోడికి పిలుపు లేదా? ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ నోరు రాదేం?"

"మా రేవులో ఇల్లాలే పిలుస్తుంది అవ్వా," అంది గౌరసాని. "తొందరపడకు. నీకూ వినిపిస్తుందిలే."

మోకాళ్ళ మీద కూర్చుంది. భర్త చెవి మీద వెంట్రుకలు పక్కకు తోసింది. ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడినట్టే పలికింది.

"చుక్కాని దీపం."

నూకప్ప చేతిలో తెడ్డు కిందపడింది.

ముసలమ్మ నవ్వింది. అది ఆడగొంతు కాదు. జుట్టు, చీర, చేతులు అన్నీ బూడిదై సుడి తిరిగి ఏటి మీదుగా కోట వైపు ఎగిరిపోయాయి. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. సారంగుడు అందరికీ సంగతి చెప్పాడు. వాళ్ళు విన్నారు. ఎవరికీ సంతోషం రాలేదు. తమ మధ్య ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషికి తమ పేరు చెప్పకుండానే పంపేస్తున్నారు. ఆ బూడిద ఇంకా గాలిలో ఉందేమోనని ఇప్పుడు పిలవడానికీ లేదు. ఒకడు తలపాగా తీసి ముఖం కప్పుకున్నాడు.

"ఏదో ఒక పేరు పెట్టి వాణ్ణి పంపేశాం తాతా," అన్నాడు సారంగుడు. "వాడు ఎంత ఊదినా ఇప్పుడు ఎవరూ కదలరు."

నూకప్ప అతని వైపు చూసి, చూపు దించుకున్నాడు. "కోడలా," అన్నాడు. "నువ్వు చెప్పవా? నేను చెప్పాలా?"

గౌరసాని లేచింది. ఇంట్లోకి వెళ్ళి చద్దన్నం గిన్నె తెచ్చి తెప్ప మీద, భర్త చేతి దగ్గర పెట్టింది. జుట్టు గట్టిగా ముడేసుకుంది. కొంగు నడుముకు దోపుకుంది. పడవెక్కే ఆడవాళ్ళు అలా దోపుకుంటారు.

పొద్దు వాలింది. ఏటికి అవతల ఊసరదుర్గం నిలబడి ఉంది. ఏడంతస్తుల బూడిదరంగు గోడలు. గోడల నిండా ఇత్తడి పాములు. ప్రతి పాము నోట్లో ఒక కెంపు. పొద్దు తగిలి కెంపులన్నీ ఒక్కసారి వెలిగాయి. మధ్యలో తలుపు. గడియ లేదు, బందు లేదు, గుమ్మం లేదు. గోడలో గీసిన గీతలా ఉంది.

కొమ్ము మోగింది.

"చుక్కాని దీపం!"

ఏరు ఒణికింది. అందరూ ఊపిరి బిగపట్టారు. ఎవరి కాలూ కదల్లేదు.

"చుక్కాని దీపం!"

తెప్ప మీద కప్పిన కొత్తబట్ట కదిలింది.

"చుక్కాని దీపం!"

దోనప్ప లేచి కూర్చున్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. తెప్ప దిగి నీళ్ళ మీద నిలబడ్డాడు. పాదం మునగలేదు. సారంగుడు గట్టు అంచుకు వచ్చాడు. అంతలో అతని పక్క నుంచి ఎవరో నడిచిపోయారు. తల్లి. ఆమె కూడా నీళ్ళ మీద నడుస్తోంది.

"అమ్మా!"

"అది ఉత్త పేరు కాదురా!" నూకప్ప గొంతు పగిలింది. "నువ్వు పుట్టకముందు గాలివానలో వాళ్ళిద్దరి పడవ మూడు రోజులు ఏట్లో చిక్కుకుంది. ఇద్దరే. చుక్కాని దగ్గర దీపం పెట్టుకుని దేవరకు మొక్కారు. ఇద్దరైనా కూటమే గదా అని వచ్చి నాకు చెప్పి నవ్వారు. ఆ పేరు కింద ఇద్దరే మనుషులు. ఒకడు పోయాడు. రెండోది అదే!"

సారంగుడు నీళ్ళలోకి దూకాడు. మొలలోతులో తల్లి చీర అంచు అందింది. లాగాడు. ఆమె కాళ్ళు ఆగలేదు. అతన్ని కూడా ఈడ్చుకుపోయాయి.

"వదులురా," అంది. గొంతు మామూలుగా ఉంది. "కాళ్ళు నా మాట వినవు. నీకు నొప్పెడుతుంది."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెబితే పిలవనిస్తావా?" ఆమె ముందుకు చూస్తూనే మాట్లాడింది. "మిగతావాళ్ళు ఇళ్ళకు పోతారు. మీ అయ్యకు తోడు ఉంటుంది. ఇంకేం కావాలి నాకు? పో నాయనా. గట్టెక్కు. తాతను పట్టుకో, పడిపోతాడు."

కోటలో వాడికి మోసం తెలిసిపోయి ఉంటుంది. కొమ్ము మళ్ళీ మోగలేదు. కోట మీద గొలుసులు తెగిన చప్పుడు, రెక్కల చప్పుడు వినిపించాయి. గద్దలు. ఒకటి కాదు. అవి రేవు వైపే తిరిగాయి.

"అందరూ లోపలికి! పడవలు బోర్లించి కింద దూరండి!" అని సారంగుడు గట్టు వైపు కేకేశాడు. తర్వాత నూకప్పను అడిగాడు. "తాతా! ఒక కూటంలో కొత్తగా చేరాలంటే ఏం చెయ్యాలి? తొందరగా!"

"పేరు పలకాలి. అందులో మనిషొకరు చెయ్యి అందివ్వాలి. ఒరే, వద్దురా సారంగా!"

పిలిచినవాళ్ళకు తప్ప ఆ తలుపు తెరుచుకోదు. వాడు తలుపు దాటి రాడు. మొలలో కత్తి ఉంది. సారంగుడు అంతకంటే ఆలోచించలేదు.

"చుక్కాని దీపం!" అని అరిచి తల్లి ముందు చెయ్యి చాచాడు.

గౌరసాని రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. ఇంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. "ఇవ్వను. చచ్చినా ఇవ్వను. నీకు దణ్ణం పెడతాను, పోరా!"

"అమ్మా, చెయ్యి!"

"పో!"

గద్దల నీడలు నీళ్ళ మీద పడ్డాయి. తలుపు ఇంకా ముప్పై బారల దూరంలో ఉంది. అతనికి గొంతు దాకా నీళ్ళు వచ్చాయి. ఇక నిలబడలేడు.

ముందు నడుస్తున్న దోనప్ప ఆగలేదు. తల తిప్పలేదు. కళ్ళు తెరవలేదు. కానీ అతని కుడిచెయ్యి వెనక్కి వచ్చింది. అరచెయ్యి పైకి తిరిగి, వేళ్ళు కొద్దిగా ముడిచి. ముప్పై ఏళ్ళ పాటు రేవులో నిలబడ్డవాళ్ళను పడవలోకి లాగిన చెయ్యి. ఎవరో ఒకరు ఎక్కాలని నీళ్ళలో నిలబడితే, ఆ చెయ్యి చూడకుండానే వెనక్కి వచ్చేది.

సారంగుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. పట్టు మాత్రం పాతదే.

ఒక్క లాగులో నీళ్ళ మీదికి వచ్చాడు. అతని కాళ్ళు అతన్ని అడగకుండానే నడవడం మొదలుపెట్టాయి. గౌరసాని చంకల్లోంచి చేతులు తీసి కొడుకు రెండో చెయ్యి పట్టుకుంది.

ముగ్గురినీ చూసి గోడలో గీత వెడల్పయింది. లోపల చీకట్లో రాతి మనుషుల వరసలు కనబడ్డాయి. సారంగుడు తల్లి చెయ్యి మెల్లగా విడిపించుకుని కత్తి తీశాడు. కాళ్ళు వాడి మాట వింటున్నాయి. చెయ్యి ఇంకా తనదే.

తలుపు వాళ్ళ వెనక మూసుకుంది.